చిన్నమ్మ మేకలు వేసిన దారి

మొన్న పొదిలి వెళ్ళినప్పుడు మా చిన్నమ్మ ఊరి వాగు ఒడ్డున కొత్త బోర్డు చూశాను. చెరువు వరకు సహజసిద్ధమైన నడక బాట అని ఆకుపచ్చ అక్షరాల్లో రాశారు. చదవగానే ఒళ్ళు మండిపోయింది. సహజసిద్ధమట. ఆ దారి వేసింది మా చిన్నమ్మ మేకలు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ వాటి వెనకే ఉంది. వేసవి సెలవుల్లో నేనూ వెంటపడేవాణ్ణి. పత్తి చేల గట్టు దిగితే వాగు. అందులో నీళ్ళు పారేది ఏడాదికి నెలో రెండు నెలలో, మిగతా రోజులన్నీ కాళ్ళు కాలే ఇసుక. అటూ ఇటూ చిల్లచెట్లు, అదే సర్కారు తుమ్మలు, రేగుపొదలు. ముల్లు చెప్పులోంచి దిగితే చిన్నమ్మ పిన్నీసుతో తీస్తూ నన్నే తిట్టేది. దాహమేస్తే ఇసుకలో చెలమ తోడేది. ఊరిన నీరు తేటపడేదాకా తాగనిచ్చేది కాదు. తాగాక వెనక వచ్చేవాళ్ళ కోసం చెలమ మీద ముళ్ళకంప కప్పాల్సిందే. ఒకసారి మర్చిపోయి వచ్చేస్తే, చెరువు కనబడేంత దూరం వచ్చాక కూడా నన్ను ఆ ఎండలో వెనక్కి పంపింది. ఆ కోపం నాకింకా పోలేదు.

ఇప్పుడు ఆ దారికి గేటు. నేను పళ్ళు నూరుతుండగానే చిన్నమ్మ ఎనిమిది మేకలతో వచ్చింది. గేటు దగ్గర కాపలా ఉన్నాయన మర్యాదగానే చెప్పాడు.

"మీరు వెళ్ళొచ్చండి, మామ్మగారూ వెళ్ళొచ్చు. మేకల్ని మాత్రం పంపొద్దన్నారండి. చెట్లు పాడుచేస్తాయంట."

"ఏ చెట్లయ్యా, ఈ చిల్లచెట్లా?" అంది చిన్నమ్మ. "కాయలు తిని నా మేకలు పెంటికలేస్తేనే గదా ఇయ్యి మొలిచింది. నాటినోళ్ళని బయట నిలబెడతావా?"

ఆయనకి నవ్వొచ్చింది. నాకు రాలేదు. ఎండాకాలం ఆ మేకలకు నీళ్ళంటే ఆ చెరువే. ఆ మాటే గట్టిగా అడిగితే, ఫోన్లో పైవాళ్ళని కనుక్కున్నాడు. పొద్దున్నే నడకకి వచ్చేవాళ్ళకి మేకల వాసన ఇబ్బందట, రోడ్డు మీదుగా చుట్టు తిరిగి తోలుకెళ్ళాలట. లారీలు పరుగెత్తే రోడ్డు, ఆవిడవి అరిగిపోయిన మోకాళ్ళు. నేను ఆ ఫోను లాక్కుని అరిచాను. అవతలివాళ్ళు పెట్టేశారు.

చిన్నమ్మ అరవలేదు. "పోనీలేరా, ఎవరికన్నా ఇచ్చేస్తాలే వీటిని," అంటూ మేకల్ని వెనక్కి మళ్ళించింది.

నడిచి నడిచి ఆ ఒక్క దారి పడడానికి ఆవిడకి జీవితమంతా పట్టింది. ఇప్పుడు మరో దారి చూసుకోమంటున్న వాళ్ళు, ఆ కాళ్ళకి అంత కాలం ఎక్కణ్ణుంచి తెచ్చిస్తారు?