నాట్ల కాలంలో భిన్నాల పాఠం

మా బడిలో నా గురించి ఒక మంచి మాట నడుస్తోంది. బడి మానేసి నాట్లకు పోతున్న ఏడో తరగతి అమ్మాయి ఇంటికి నేనే వెళ్లి, తల్లికి నచ్చజెప్పి, పిల్లను తిరిగి తరగతిలో కూర్చోబెట్టానని. వెళ్లింది నిజం. ఆమె తిరిగొచ్చిందీ నిజమే. అసలు ఎందుకు మానేసిందన్నది మాత్రం ఆ మాటలో లేదు. అది తెలిసినవాళ్లం నలుగురం. మిగతా ముగ్గురూ చెప్పరు కాబట్టి నేనే రాస్తున్నాను.

బాన్సువాడలో చాలా ఏళ్లుగా గణితం చెబుతున్నాను. ఆరు, ఏడు తరగతులు నావి. జూన్‌లో బడి తెరవగానే తరగతి గోడ మీద నియమాలు అంటించేవాడిని. చేయి ఎత్తి మాట్లాడాలి, లెక్క కొట్టేస్తే తప్పు ఎక్కడ వచ్చిందో పక్కన రాయాలి, ఇలాంటివి. వాటిలో నాకు బాగా ఇష్టమైనది చివరిది. బడి మానిన పిల్లలు, ఆ రోజుల లెక్కలన్నీ నోట్సులోకి ఎక్కించి చూపించేదాకా నా పీరియడ్‌లో గుమ్మం బయట నిలబడాలి. కారణం ఏదైనా సరే. కారణాలు వినడం మొదలుపెడితే పాఠం సాగదని నా నమ్మకం.

ఏడాది పాఠ్యప్రణాళిక కూడా అలాగే. పుస్తకంలో ఉన్న వరసే నా వరస. జూన్‌లో పూర్ణసంఖ్యలు, జూలైలో భిన్నాలు, ఆ వెంటనే దశాంశాలు. భిన్నాలు రాకపోతే తర్వాత సమీకరణాలు రావు, నిష్పత్తులు రావు. మా దగ్గర నాట్లు పడేది కూడా జూలైలోనే. ఆ సంగతి నాకు తెలియక కాదు. మాది సేద్యం చేసే ఇల్లు. వర్ని వైపు పొలం ఉంది, అన్న చూసుకుంటాడు. కాలువ నీళ్లు ఎప్పుడొస్తాయో మా స్టాఫ్ రూములో అందరికంటే ముందు నాకే తెలుస్తుంది. అయినా పొలం సంగతి పొలందే, బడి సంగతి బడిదే అన్నట్టు గడిపాను.

ఆ ఏడు నీళ్లు ఆలస్యంగా వదిలారు. అందరి నార్లూ ముదిరిపోతున్నాయి, అందరికీ ఒకేసారి మనుషులు కావాలి. అన్న ఫోన్ చేశాడు.

"తమ్మీ, ఈడ ఒక్క మనిషి దొరుకుతలేరు. మీ బాన్సువాడ దిక్కు ఏమన్న జూడు."

బడికి దగ్గర్లోనే, ఆడవాళ్లను కూడగట్టి ఆటోల్లో నాట్లకు తీసుకెళ్లే ఒకామె ఉంది. ఆమెను అడిగాను.

"మనుషులు ఏడున్నరు సార్, అందరు కోటగిరి దిక్కు పోయిండ్రు. ఉన్నోళ్ల పిల్లలు ఉన్నరు గని, బడికి పోతుండ్రు."

"రెండు రోజులే కదక్కా, వాళ్లనూ తీసుకురా. బడి సంగతి నేను చూసుకుంటా," అన్నాను.

ఆ మాట అన్నది నేను. ఇప్పటిదాకా దాచింది ఇదే.

ఆదివారం పొలానికి వెళ్లాను. గట్టు మీది నారు కట్టలు మడిలోకి అందిస్తూ మా ఏడో తరగతి అమ్మాయి కనిపించింది. తల్లి వంగి నాటుతోంది. పిల్ల నన్ను చూసి నవ్వింది.

"సార్, గీ పొలం మీదేనా?"

"మాదే."

"మస్తు పెద్దగున్నది సార్."

"సరే, చదువు మర్చిపోకు," అని చెప్పి వచ్చేశాను.

రెండు రోజులు అనుకున్నది సాగింది. మా మడులు అయ్యాక పక్కవాళ్లవి పట్టారు. ఆమె బడికి వచ్చేసరికి భిన్నాల గుణకారం అయిపోయి భాగహారంలో ఉన్నాం. గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని అడిగింది. నేను గోడ మీది నియమాన్ని చూపించాను. ఆమె ఎవరి పొలంలో ఉండి వచ్చిందో నాకు తెలుసు. ఒక్కరిని వదిలేస్తే నియమం పోతుందనుకున్నాను. ఆ క్షణంలో అది న్యాయంగానే తోచింది. ఆమె మా పొలం పేరు ఎత్తలేదు. నోట్సు గోడకు ఆనించి ఎక్కించుకుంటూ నిలబడింది. లోపల ఒకడు "నాట్ల మేడం వచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను బోర్డు వైపు తిరిగాను.

మరుసటి రోజూ అంతే. ఆమె పాతవి ఎక్కిస్తూంటే లోపల కొత్తవి జరిగిపోతున్నాయి. ఆ వారం దాటాక రావడం మానేసింది. హెడ్మాస్టర్ గారు అడిగితే, "ఇంట్లోవాళ్లకు చదువు మీద ధ్యాస లేదు సార్," అన్నాను.

అర్ధవార్షిక పరీక్షలు దగ్గరపడుతుండగా, ఆ కూడగట్టే ఆమె బజార్లో ఎదురైంది.

"ఆ పిల్లకు చేయి మంచిగ తిరిగింది సార్. యాసంగి నాట్లకు పక్కా మనిషే ఇగ. తల్లి గూడ ఒప్పుకున్నది."

చలికాలంలో వేసే రెండో పంట సంగతి అది, మెచ్చుకోలుగానే చెప్పింది. ఒకసారి గుంపులో పూర్తి మనిషిగా చేరిన ఆడపిల్ల మళ్లీ బడికి రావడం నేను చూడలేదు. ఆ సాయంత్రమే వాళ్ల ఇంటికి వెళ్లాను.

తల్లి కుర్చీ వేసింది. నేను చదువు వల్ల లాభాలు మొదలుపెట్టాను. కాసేపు విని ఆపింది.

"రమ్మన్నది మీరే. బయట నిలవెట్టింది మీరే. ఇప్పుడు మల్ల రమ్మంటున్నది మీరే. నాకేం సమజైతలేదు సారూ."

"తప్పు నాదేనమ్మా."

"తప్పు ఎవలదైతేంది. అది పోనంటున్నది. నేనేం జేయాలె?"

పిల్ల తలుపు పక్కన నిలబడి ఉంది. బయట నిలబెట్టినందుకేనా అని అడిగాను.

"నిలవడుడు ఏం కాదు సార్. పొలంల పొద్దుందాక వంగే ఉంటం. బయటికి మీరు జెప్పేది ఇనవడది. రాసుకుంటున్న గని, గది ఎట్లొచ్చిందో తెలుస్తలేదు. లోపటోళ్లకు తెలుస్తున్నది."

"భిన్నాలు మళ్లీ మొదటి నుంచి చెప్తా. అందరికీ."

"అందరికా? వాళ్లకు వచ్చు గద సార్."

"వచ్చో రాదో చూద్దాం."

"ఒక నెల పంపిస్త," అంది తల్లి. "మల్ల బయట నిలవెడితె మాత్రం యాసంగికి నా ఎంబడే."

మర్నాడు గోడ మీది చివరి నియమం తీసేశాను. బడి మాని వచ్చినవాళ్లు ముందు వరసలో కూర్చోవాలి, జరిగిన పాఠాన్ని పక్కవాళ్లు నోటితో వివరించాలి, అది అయ్యాకే కొత్తది అని రాశాను. భిన్నాలు మళ్లీ ఎత్తుకుంటే ఇంకో సంగతి బయటపడింది. భాగహారంలో రెండో భిన్నాన్ని ఎందుకు తిరగేస్తామో లోపల కూర్చున్నవాళ్లలో సగం మందికి తెలియదు. "నాట్ల మేడం" అన్నవాడైతే, పుస్తకంలో అలాగే ఉంది సార్ అన్నాడు. వాళ్లూ ఎక్కించుకున్నారంతే, కాకపోతే బెంచీ మీద కూర్చుని.

ఆ తర్వాత మిగిలిన ఏడాదికి ప్రణాళిక తిరగరాశాను. నాట్లు పడే రోజుల్లో ఒకదాని మీద ఒకటి ఆధారపడని పాఠాలు పెట్టాను. దత్తాంశాల పటాలు, సౌష్ఠవం లాంటివి. సమీకరణాలు పిల్లలందరూ తిరిగొచ్చాకే. తేదీ వేయాల్సిన గడిలో "కాలువ నీళ్లు వదిలినప్పుడు" అని రాశాను.

హెడ్మాస్టర్ గారు కళ్లద్దాలు తీసి చూశారు. "ఇదేంది సార్? తనిఖీకి వచ్చినోళ్లు అడిగితే ఏం జెప్పాలె?"

"నన్ను పిలవండి. నేను చెప్తా."

"గణితం సారు కాలువల డిపార్ట్‌మెంట్‌ల చేరిండు," అన్నాడు సైన్సు చెప్పే ఆయన. స్టాఫ్ రూమంతా నవ్వింది. సంతకం లేకుండా కాగితం వెనక్కి వచ్చింది. అక్షరం మార్చకుండా మళ్లీ ఇచ్చాను. అలా కొన్నిసార్లు అయ్యాక ఆయనే విసిగి సంతకం పెట్టారు.

అన్నకూ చెప్పాను, ఇకమీదట మన మడిలో బడి పిల్లలు దిగవద్దని.

"మరి నువ్వొచ్చి నాటుతవారా?"

"వస్తా."

యాసంగి నాట్లప్పుడు సెలవు పెట్టి వెళ్లాను కూడా. నేను నాటిన సాలును అన్న వెనకే వచ్చి సరిచేశాడు. "నీ నాటు కంటె గడ్డి నయం," అన్నాడు. అయినా పిల్లలు దిగలేదు.

నెల గడిచినా తల్లి ఏమీ అనలేదు. యాసంగి నీళ్లు వదిలిన రోజు ఆమె ఒక్కతే ఆటో ఎక్కింది. పిల్ల బడికి వచ్చింది. నా మాట మా పొలం వరకే చెల్లుతుంది కనుక, ఆ రోజు తరగతి సగం ఖాళీ. పటాలు గీయిస్తున్నాను. ఆమె తనది త్వరగా ముగించి చేయి ఎత్తింది.

"సార్, గివి అల్కగున్నయి. సమీకరణాలు మొదలువెట్టుండ్రి."

"సగం మంది లేరు కదా."

"వాళ్లు వచ్చేదాక ఆగాల్నా?"

"ఆగాలి."

ఖాళీ బెంచీల వైపు ఒకసారి చూసింది.

"సరే సార్, ఆగుదం," అని ఇంకో పటం గీయడానికి స్కేలు తీసుకుంది.