ల్యాబ్ మీద చల్లిన నీళ్ళు

మీ ఊళ్ళో ఒక పుకారు పుడితే ముందుగా ఎవరి చదువు ఆగుతుంది? మీ అబ్బాయిదా, అమ్మాయిదా? తడుముకోకుండా చెప్పండి.

తొంభైల నడుమ నేను పోతిరెడ్డిపల్లి ఊరు దాటాక వచ్చే, కాథలిక్ సిస్టర్లు నడిపే ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. దేవుణ్ణి నమ్మనని ఇంటర్వ్యూలోనే చెప్పాను. "మీకు ప్రార్థన రాకపోయినా ఫర్వాలేదండీ, పిల్లలకు కెమిస్ట్రీ వస్తే చాలు" అన్నారు ప్రిన్సిపల్ సిస్టర్. ఆవిడది గుంటూరు.

నేను చేరిన కొన్నేళ్ళకు, ఒక్క ఏడాదిలోనే కాలేజీ ఎంత ఎదిగిందని! అంతదాకా ఇంటర్ మాత్రమే ఉన్నచోట బీఎస్సీ వచ్చింది. పటాన్‌చెరు వైపు పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చే బస్సు వచ్చింది. మా వాలీబాల్ జట్టు కప్పు గెలిచి, లారీ ఎక్కి అరుచుకుంటూ వచ్చింది. అన్నిటికీ మించి కొత్త కెమిస్ట్రీ ల్యాబ్! బెంచీల మీద వరసగా బ్యురెట్లు, అంటే అడుగున చిన్న కుళాయి ఉండే సన్నని గాజు గొట్టాలు. వాటిని చూసి పిల్లలకన్నా నేనే ఎక్కువ గంతులేశాను.

ల్యాబ్ తెరిచినరోజు చర్చి ఫాదర్ వచ్చి ప్రార్థన చేసి, బెంచీల మీద నీళ్ళు చల్లారు. వాళ్ళ ఆచారం అది. బస్సుకూ చల్లారు, బోరుకూ చల్లారు. నేను స్టాఫ్‌రూంలోంచి కదల్లేదు.

ఆ కబురు భానూర్ అవతలి పల్లెకు చేరేసరికి ఇలా మారింది: "కాలేజీల పిల్లల మీద నీళ్ళు జల్లి, వాళ్ళ మతంల కలుపుకున్నరంట!" అంతే, మంజుల రావడం మానేసింది. బీఎస్సీ మొదటి బ్యాచ్‌లో చురుకైన పిల్ల. ప్రాక్టికల్ పరీక్ష దగ్గరపడింది. తప్పిపోతే ఏడాదంతా పోయినట్టే.

"నేను వెళ్తాను. మీరొస్తే ఇంకా భయపడతారు" అన్నాను సిస్టర్‌తో.

"మీరొక్కరే వెళ్తే వాదన పెట్టుకుంటారు. పదండి, నేనూ వస్తాను" అన్నారావిడ.

మంజుల తండ్రి ఎల్లయ్య ఒకప్పుడు కూలి చేసేవాడు, ఇప్పుడు మందుల ఫ్యాక్టరీలో హెల్పర్. మేం వెళ్ళేసరికి షిఫ్టు దిగి వచ్చి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"కూసోండ్రి సార్. గానీ పిల్లను పంపుమని మాత్రం అడగొద్దు. నీళ్ళు వడ్డంక ఇగ మా పిల్ల మాదేనా? రేపు మావోళ్ళు మమ్మల్ని దగ్గరికి రానిస్తరా?"

"నీళ్ళు పడితే మతం మారుతుందా? అట్లయితే వాన పడ్డప్పుడల్లా..." అని నేను అందుకున్నాను.

పక్కింటి ముసలమ్మ అడ్డం తగిలింది. "సారుకు జీతమిచ్చేది వాళ్ళేనాయె. గట్లనే జెప్తడు."

అప్పుడు సిస్టర్ అన్నారు: "ఎల్లయ్యగారూ, ఈ సారు దేవుడే లేడంటారు. మా జీతం తీసుకుంటూ మా ముందే అంటారు. ఇన్నేళ్ళ నుంచీ ఈయన్నే మార్చుకోలేకపోయాం. మీ అమ్మాయిని ఎక్కడ మారుస్తామండీ?"

"దేవుడే లేడంటవా? ఓయమ్మో, గంత మొండోనివా!" అంటూ ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. వాకిలంతా నవ్వులు. ఎల్లయ్య మాత్రం నవ్వలేదు.

లోపల్నుంచి మంజుల వచ్చి నిలబడింది.

"నాయినా, గా నీళ్ళు బెంచీల మీద వడ్డయి. నా మీద వడలే. ఒక్కమాట జెప్పు. మీ కంపెనీల మందు మంచిగున్నదని ఎవరంటే లారీ గేటు దాటుతది?"

"క్యూసీ ల్యాబోళ్ళు అంటే."

క్యూసీ అంటే తయారైన సరుకు నాణ్యత పరీక్షించే విభాగం.

"గా ల్యాబ్ లోపలికి నువ్వెన్నడన్న పోయినవా?"

"నన్నెవరు రానిస్తరే? తలుపు కాడ సాంపిల్ సీసా ఇచ్చి వస్త."

"నాకు గా లోపలి కొలువు గావాలె నాయినా. గా సీసా నీ చేతిల నుంచి నేను తీసుకోవాలె."

ఎల్లయ్య మంచం మీంచి లేచి, "సిస్టరమ్మా, పరీక్ష ఎన్నడు?" అన్నాడు. సిస్టర్ జవాబు చెప్పేలోపే మంజుల చెప్పేసింది!

పరీక్షలో ఆమెకు టైట్రేషన్ వచ్చింది. బ్యురెట్‌లోంచి ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతూ, కింది ఫ్లాస్కులో లేతగులాబీ రంగు నిలిచిన క్షణాన ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైనా లెక్క చెడుతుంది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆమె వెనకే నిలబడ్డాడు. రంగు తిరిగింది. ఆమె వేళ్ళు ఠక్కున కుళాయి మూశాయి. ఎగ్జామినర్ ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి చూసి, "గుడ్" అన్నాడు. నాకైతే అక్కడే చప్పట్లు కొట్టాలనిపించింది!

కాలేజీ డే నాడు సిస్టర్ ఆ ఏటి విజయాలు చదివారు. బీఎస్సీ, బస్సు, కప్పు, ల్యాబ్. అన్నీ నిజమే. కానీ మంజుల ఆ వాకిట్లోనే ఉండిపోయి ఉంటే, ఆ ల్యాబ్ ఎవరి కోసం? నా వాదనలో తప్పేమీ లేదు, ఈనాటికీ అదే అంటాను. అయితే ఊరంతా ఆ పిల్ల గురించి మాట్లాడింది, నేనూ మాట్లాడాను, ఆమెను అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆమే బయటికొచ్చి నోరు విప్పాకే తండ్రి మనసు కదిలింది.

మీ వాడలో చదువు మాన్పించిన అమ్మాయి ఉందా? అయితే ఈ పేజీ మూసి, ఇవాళే ఆ ఇంటికి వెళ్ళండి. ఆమెను వాకిట్లోకి పిలిపించండి. అందరి ముందూ ఆమెనే మాట్లాడనివ్వండి. మళ్ళీ కాలేజీకి పంపుతామని ఆ ఇంటి పెద్దల నోట వినేదాకా అక్కణ్ణుంచి లేవకండి.