సిమెంటమ్మ చొంగకు కొలతలు

జూలై తొమ్మిదో తేదీ, సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలు. నా అసూయ సరిగ్గా అప్పుడు మొదలైందని చెప్పడానికి నా వద్ద రాతపూర్వకమైన ఆధారం ఉంది. ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు. కొలిచి రాసిందే నిజమని గట్టిగా నమ్మేవాణ్ణి. తమిళనాట గుడియాత్తంలో మా మేనమామ మేస్త్రిగా ఒక ఇల్లు కడుతుంటే, గోడల పూత కొలతలు రాయడం నా పని. ఇద్దరం అక్కడే రేకుల షెడ్డులో ఉండేవాళ్ళం. మాతోపాటు ఒక బూడిదరంగు పిల్లి ఉండేది; మామ దానికి సిమెంటమ్మ అని పేరు పెట్టాడు. అన్నం పెట్టేది నేను, పాలు పోసేది నేను. అదేమో సాయంత్రం కాగానే మామ ఒడిలోకెక్కి, ఆయన దవడ కింద గోకుతుంటే ముందుకాళ్ళతో లుంగీని పిసుకుతూ, గురగురలాడుతూ, కళ్ళు మూసుకుని చొంగ కార్చేది.

"చూడరా అల్లుడా, పసిబిడ్డ మాదిరి చొంగ కారుస్తా ఉండాది. ప్రేమంటే ఇదిరా!"

"లుంగీ పాడైపోతాది మామా."

"నీది సుద్దంగానే ఉండాది కదా, మడిచి దాచిపెట్టుకో!"

ఆ సాయంత్రం నుంచే, మామ స్నానానికి వెళ్ళినప్పుడు, పూత కొలిచే టేపుతోనే ఆ లుంగీ మీది తడిని కొలిచి పుస్తకం చివరి పేజీల్లో రాయసాగాను: తేదీ, ఎవరి ఒడి, పొడవు, వెడల్పు, గురగుర ఉందా, అన్నం మిగిలిందా. (మామకు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. ఆ ధైర్యంతో ఆయన పేరు పక్కన కొన్ని విశేషణాలు కూడా చేర్చాను.) పన్నెండు రోజులు గడిచినా నా పేరు కింద ఒక్క అంగుళం లేదు. ఇక లంచమే దిక్కనుకుని, మోర్ధానా ఆనకట్ట చేపలు తెచ్చి అమ్మే ఆయన దగ్గర చేపతలలు కొని, ఉడికించి, ముళ్ళతో సహా దానికి సమర్పించుకున్నాను. నాలుగో రోజున సిమెంటమ్మ మామను దాటుకుని వచ్చి నా ఒడిలో ముడుచుకుంది. చొంగ కార్చింది! మామ అత్యధిక కొలతకు రెట్టింపు! తడిసిన లుంగీని జెండాలా ఎత్తి చూపాను.

మామ వాసన చూసి మొహం చిట్లించాడు. "ఏందిరా ఈ కంపు? గురగుర కూడా లేదే."

"నీకు కుళ్ళు మామా!"

మూడు సాయంత్రాలు ఆ విజయంలో మునిగితేలాను. నాలుగో ఉదయం సిమెంటమ్మ చేపతల ముందు కూర్చుని, దాన్ని ముట్టకుండా కాలితో మూతి గోక్కుంటోంది. "గెలిచేది తర్వాత గెలుద్దువు గానీ, బిడ్డ తిని ఎన్నాళ్ళయిందిరా?" అన్నాడు మామ. పుస్తకం తెరిచాను. మూడు రోజులుగా 'గురగుర లేదు, అన్నం మిగిలింది' అని నా చేతిరాతే ఉంది. రాశానే గానీ చదవలేదు.

వైరుబుట్టలో పిల్లిని పెట్టుకుని, పళ్ళికొండ మీదుగా బస్సులో వేలూరు చేరి, తొరపాడిలో పశువుల డాక్టరమ్మను వెతికిపట్టుకున్నాం. దాని నోరు చూసి ఆవిడ నా మీద మండిపడింది. "ఒళ్ళో పడుకోని గురగురమంటా కారిస్తే అది సుకం అప్పా, బయం లేదు. కంపు కొడతా, తినకుండా కారిస్తే ఆ దినమే తీసుకురావాల. మూడు దినాలు ఏం చేస్తా ఉన్నావు?"

"కొలుస్తా ఉన్నానమ్మా," అంటూ పుస్తకం చూపించాను.

"సెరి, ఆ రాసిందంతా చదువు. ఒక్క మాట విడవద్దు."

చదివాను. 'తొమ్మిదో తేదీ, మామ ఒడి, దొంగ ముసలోడు' దగ్గర్నుంచి మొత్తం చదివాను. పిల్లి కాళ్ళు పట్టుకుని మామ మొత్తం విన్నాడు. దాని వెనక పళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది, నేను పెట్టిన చేపముల్లు.

తిరుగుబస్సులో మామ బుట్టలోకి చూస్తూ అన్నాడు. "నేను దవడ గోకుతానని, నొప్పికి ఓర్చుకోలేక నీ దగ్గరికి వచ్చినాదిరా. నీకు గోకేది తెలీదు కదా." ఇంకా కొంతదూరం పోయాక, "నలభై రెండేళ్ళకే ముసలోణ్ణేమిరా?" అన్నాడు.

ఇప్పుడు నాకు నలభై ఏడు. ఆ ప్రశ్నకు జవాబు కచ్చితంగా తెలుసు. వినడానికి మామ లేడు.

ఆ రోజు పోయినవి: ముల్లుతోపాటు పీకిన పిల్లి పన్ను ఒకటి, నా విజయం. మిగిలినవి: పిల్లి, పుస్తకం. అందులో ఆఖరి పంక్తి: 'మామ ఒడి. గురగుర ఉంది. అన్నం మిగల్లేదు. కొలవలేదు.'