మేడమ్ గారికి రెండు కిలోల పప్పు

పలాస జీడి ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు పిక్కలు కొట్టిన వనజకు వేలిముద్రలు లేవు. పిక్క తొక్కలోని కాల్చే జిడ్డు వాటిని తినేసింది. రేషన్ మిషన్ ముందు ఎప్పుడూ కూతురు నిహారికే వేలు పెట్టేది. అలాంటి మనిషికి కువైట్‌లో వంటపని కుదిరింది. వీసాకి మాత్రం పది వేళ్లూ పడాలన్నాడు ఏజెంటు భానుప్రకాష్. వనజ వెళితే నిహారిక నర్సింగులో చేరుతుంది. వెళ్లకపోతే అమ్మ పక్కన పీట వేసుకుని పిక్కలు కొడుతుంది.

అందుకని నలభై రోజులు పని మానేసింది. ఆ ఫ్యాక్టరీ నుంచి గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లంతా చేసేదే ఇది. పొద్దుటా సాయంత్రం కొబ్బరినూనె రాసుకుని, అంట్లు కూడా ముట్టకుండా కూర్చుంది. గీతలు సన్నగా తేలాయి. వాటిని చూసుకుని ఎంత మురిసిపోయిందో!

ముద్రలు పడిన నాలుగో రోజే విమానమన్నారు కాబట్టి పెట్టె ముందే సర్దుకుంది. కువైట్‌లో రెండేళ్లు చేసి వచ్చిన పక్కింటి జయశ్రీ దగ్గరుండి సర్దించింది.

"సీరలెందుకొదినా? ఆ ఎండకి మాడిపోతావు. నూలు నైటీలెట్టు. నా సెట్టరొకటి ఎట్టు."

"నిప్పుల కొలిమిలోకెల్తూ సెట్టరేటే?"

"ఇంట్లో ఏసీకి వణికిపోతావు మరి!"

వనజ పెట్టిన ఎండు నెత్తళ్లను వాసనొస్తాయని జయశ్రీ తీసేసింది. ఆ మూల ఖాళీ పడింది. ఆ ఖాళీయే కొంప ముంచింది.

"కువైట్ మేడమ్ గారికి ఏటీ పట్టుకెల్లకుండా గుమ్మమెక్కుతానేటి? మన సెట్టు జీడిపప్పు ఎడతాను," అంది వనజ.

మందస దారిలో వాళ్లకున్న నాలుగు చెట్ల పిక్కలు కాల్చి, రెండు రోజులు తనే కూర్చుని కొట్టింది. నిహారిక కొడతానంటే, "నీ సేతులెందుకు పాడవ్వాల?" అని కసిరింది. జిడ్డు అంటకుండా చేతులకి బూడిద రాసుకున్నాను కదా, ఈ కాస్తకి ఏమవుతుందిలే అనుకుంది. ముఖం కూడా చూడని మనిషికి మర్యాద! ఆ మర్యాద తగలెయ్య.

విశాఖపట్నంలో వీసా ఆఫీసులో వేలిముద్రల మిషన్ ఎర్రలైటు వేసింది. చేతులు కడుక్కుని పెట్టింది, తుడుచుకుని పెట్టింది. పదిలో ఆరు పడలేదు.

"రెండు నెలలాగి రావమ్మా," అన్నాడు బయట నిలబడ్డ భానుప్రకాష్.

"అందాకా మేడమ్ గారు ఆగుతారా బాబూ?"

"ఆవిడెందుకాగుతాది? మనుసులకేటి కరువు?"

వనజ అతనికీ ఒక పొట్లం కట్టి తెచ్చింది. అదీ మర్యాదే. అతను విప్పి నాలుగు పలుకులు నోట్లో వేసుకున్నాడు.

"పప్పు మాత్రం పస్టుకలాసు," అన్నాడు.

ఇంటికొచ్చి పెట్టె విప్పింది. స్వెట్టరు జయశ్రీకి ఇచ్చేసింది. మేడమ్ గారి పప్పును ఇంట్లో ఎవరూ ముట్టలేదు. సోమవారం ఉదయం ఫ్యాక్టరీలో తన పక్కనే పీట వేసి, పిక్క పట్టుకునే ముందు బూడిద ఎలా రాసుకోవాలో వనజే నిహారికకు చూపించింది.