సిమెంటు చాటున పొడైన ఇటుక

ఎల్లారెడ్డి ఊర్ల ఆ ఇంటి వీధి గోడకు సిమెంటు పూసింది నేనే. అప్పుడప్పుడే మేస్త్రిగ నాకు పేరొస్తున్నది. ఇల్లు నిజాం కాలంది. పలచటి చిన్న ఇటుకలతోని, డంగు సున్నంతోని కట్టిన గోడలు. సున్నం అక్కడక్కడ రాలుతున్నదని ఇంటి అక్క నన్ను పిలిపించింది. ఆమె బట్టలు కుడతది. వీధిదిక్కు అర్రలనే మిషిను.

"కొత్తిల్లు లెక్క నున్నగ కావాలె తమ్మీ" అన్నది.

మా బాపు సున్నం మేస్త్రి. నా పని చూస్తనని కామారెడ్డి నుంచి బస్సెక్కి వచ్చిండు. గోడను చేత్తో తడిమి చూసిండు.

"నేలల నుంచి ఎక్కిన తడి ఇన్నేండ్లు సున్నంల నుంచి బయటికి పోయింది. నువ్వు సిమెంటుతోని మూస్తే అది ఏడికి పోతదిరా?"

"నీ కాలం పని ఇప్పుడు ఎవరడుగుతున్నరు బాపు" అన్న. కూలోళ్లందరి ముందట అన్న. ఆయన మళ్ల నా పని చూడనీకి ఎన్నడూ రాలే.

బాపు పోయి ఆరేండ్లయింది. పోయిన ఎండకాలం అక్క ఫోన్ చేసింది. గోడ ఉబ్బింది, వచ్చి చూడమన్నది.

పోయిన. వేలితోని కొడితే డొల్ల చప్పుడు. ఉలి పెట్టి సిమెంటు పెచ్చు లేపితే, దానికి అంటుకొని ఇటుక మొఖం కూడ ఊడొచ్చింది. లోపలంత తడి, తెల్లటి ఉప్పు. ఒక ఇటుకను పిడికిట్ల పట్టి ఒత్తితే పొడైంది.

"అక్కా, ఇది నేను చేసిందే" అన్న.

తిడతదనుకున్న. ఆమె మిషిను మీది గుడ్డ మడతపెట్టుకుంట, "నున్నగ కావాలన్నది నేనే గద" అన్నది. తిట్టినా బాగుండు అనిపించింది.

కామారెడ్డిల ఒక పాత ఇల్లు కూలగొడుతుంటే పోయి అదే కొలత ఇటుకలు ఏరుకొచ్చిన. సున్నం నానబెట్టిన. ఇసుక ఎంత, బెల్లం నీళ్లు ఎంత, బాపు చేత్తో ముట్టుకొనే చెప్పెటోడు. నేనెన్నడూ అడగలే. మొదటి కలుపు ఆరంగనే పగిలింది. రెండోది నిలిచింది. పాడైన ఇటుకను ఒక్కొక్కటే తీసి, మంచిది పెట్టి, సందులు సున్నంతోని నింపుకుంట పోయిన. కిటికీ కింది దాకా అయింది. అక్క పొద్దుగాల వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి, "ఆరుతున్నది తమ్మీ" అనేది. ఆ కొన్ని దినాలు నాకు నిజంగనే ఆశ పుట్టింది.

కిటికీ పైన సంగతి వేరే. అక్కడ ఇటుక లోపలి దాకా చచ్చిపోయింది. ఒకటి తీస్తే పైన మూడు జారినయి. మొద్దులు పెట్టి ఆనించిన. అంతల్నే వాన మొదలైంది. రెండు దినాలు ముసురు. టార్పాలిన్ కప్పిన గని ఫాయిదా లేకపోయింది. మూడో దినం పగటిపూట, అక్క వెనక వంటింట్ల ఉన్నప్పుడు, గోడ వీధిలకు ఒరిగి కూలింది. ఎవ్వరికీ తాకలే. నేను పెట్టిన ఇటుకలు కూడ అండ్లనే పోయినయి.

మిగిలిన ఇల్లు కూడ ఎవరి మీదన్న పడతదని వాడకట్టోళ్లు భయపడి, కూలగొట్టియ్యమన్నరు. అక్క ఒప్పుకున్నది. జేసీబీ వచ్చింది. లోపలి గోడలకు సిమెంటు లేదు. అవి గట్టిగనే ఉన్నయి. రెండు మూడు సార్లు గుద్దితే గని పడలే. అక్క అటు చూడలేక మొఖం తిప్పుకున్నది. ఆ వారమే మిషిను ఆటోల ఎక్కించుకొని సదాశివనగర్‌ల చెల్లె ఇంటికి పోయింది. నాకు మళ్ల ఫోన్ చెయ్యలే. నేనూ చెయ్యలే.

తర్వాత ఎల్లారెడ్డిలనే ఇంకో పాత ఇంటాయన గోడకు సిమెంటు వెయ్యనీకి పిలిచిండు. వద్దన్న. సున్నంతోని చేస్తనన్న, ఎందుకో చెప్పిన.

"ఏంది మేస్త్రీ, ఈ వాడకట్టుల అందరికి వేసింది నువ్వే గద" అన్నడు.

నిజమే. నేను పూసిన గోడలు ఆ వీధుల్ల ఇంకా ఎన్నో ఉన్నయి.

ఆయన వేరే మేస్త్రిని పెట్టుకున్నడు.