గంజు దించే చెయ్యి

గంగాబాయి కుడిచేతి పట్టు పదకొండు కిలోలు. ఎడమచేతిది ఇరవై మూడు. మూడుసార్లు పిండించినా పట్టు కొలిచే మీటరు ముల్లు అక్కడక్కడే ఆగింది. ఆలియా అంకెలన్నీ కాగితం మీద వేసుకుంది. మూడు అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటే మనిషి ఉన్న బలమంతా పెట్టినట్టే. నొప్పిని పెంచి చూపేవాళ్ల అంకెలు ఎగుడుదిగుడుగా వస్తాయి.

“ఇంకోపాలి పిసుకుతా మేడం,” అంది గంగాబాయి. “పొద్దుగాల ఏం తినలే. తినొస్తె ఇంక ఎక్కువస్తది.”

“చాలక్కా. చెయ్యి నొస్తుందా?”

“నొస్తలే.”

అంటూనే పెదవి కొరుక్కుంటోంది.

మహబూబాబాద్ దవాఖానలో ఫిజియోథెరపిస్టుగా ఆలియాకు ఇది తొమ్మిదో ఏడు. పనికి పనికొస్తారో లేదో తేల్చమని ఆమె దగ్గరికి పంపేవాళ్లలో ఎక్కువమంది తక్కువ అంకె కోసమే వస్తారు. సెలవు పొడిగించాలి, తేలిక పని కావాలి, పింఛను రావాలి. మీటరు పట్టుకోగానే వాళ్ల చేతులు వణుకుతాయి, బయట మోటరు సైకిలు హ్యాండిల్ పట్టుకోగానే కుదురుకుంటాయి. ఎక్కువ అంకె కావాలని బతిమాలే మనిషి నెలకొకరు కూడా తగలరు.

గంగాబాయికి నలభై ఏడేళ్లు. నర్సింహులపేట దగ్గరి తండాలో బడి పిల్లలకు మధ్యాహ్నం వంట చేస్తుంది. పదమూడేళ్లుగా అదే పని. ఆగస్టులో బోరు దగ్గర పాచి మీద జారి, కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. కట్టు విప్పి మూడు నెలలు దాటింది. ఈలోగా ఆమె స్థానంలో కల్యాణి వండుతోంది. బడిలో రెండో వంటామె భద్రమ్మకు కల్యాణి కోడలు. ఎముకల డాక్టరు ‘ఎముక అతికింది’ అని రాశాడు. హెడ్మాస్టరుకు అది చాలలేదు. ఆయన పంపిన కాగితంలో ఒకటే ప్రశ్న, కింద రెండు గళ్లు: ఈమె వంట పని చేయగలదు, చేయలేదు. ఏదో ఒక దాంట్లో టిక్కు పెట్టి సంతకం చేయాలి. రెండో గడిలో పెడితే ఆ పొయ్యి దగ్గర గంగాబాయికి ఇక చోటు లేదు.

ఆలియా ఇసుక సంచులు ఎత్తించింది. నేల మీంచి నడుము దాకా ఎనిమిది కిలోలు బాగానే లేచాయి. పన్నెండు దగ్గర కుడి భుజం చెవి దాకా పోయింది. అరచెయ్యి ఆకాశం వైపు తిప్పమంటే సగంలో ఆగి, మిగతా సగానికి ఒంటిని వంచింది.

“ఒళ్లు తిప్పకు అక్కా. చెయ్యే తిప్పు.”

“చెయ్యే తిప్పుతున్న. ఒళ్లు దానెంట పోతుంది, నేనేం జెయ్య?”

ఆలియాకు నవ్వొచ్చింది. గంగాబాయి నవ్వలేదు.

“మేడం, గీ మిషిని పిసికితె బువ్వ ఉడుకుతదా? ఇసుక మూటలెత్తితె పప్పు అయితదా? నేను జేసే పని నువ్వెప్పుడన్న జూసినవా?”

చూడలేదు. ఆ మాట నిజమే. కాగితం మీద రెండు గళ్లూ ఖాళీగానే ఉన్నాయి. ఆలియా పెన్ను మూత పెట్టింది.

“గురువారం నేనే బడికొస్తా. మామూలుగా రోజు ఎట్ల జేస్తవో అట్లనే జెయ్యాలె. సరేనా?”

“రా బిడ్డా, రా,” అంది గంగాబాయి. అప్పటిదాకా ‘మేడం’ అన్న మనిషి.

ఆలియా ఊరు జనగామ. నాన్న ఉస్మాన్ స్టేషను రోడ్డులో దర్జీ. ఆమె ఇంటరు చదివేటప్పుడు ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. వచ్చిన డాక్టరూ, చుట్టాలూ అందరూ ఒకటే చెప్పారు: పని బంద్. ఇంకా ఏం చేయగలవని ఎవరూ అడగలేదు. నాలుగేళ్ల తర్వాత పక్క దుకాణం అతను కాజాలు కుట్టి పెట్టమని ఆరు చొక్కాలు ఇచ్చిపోతే కుట్టేశాడు. గుడ్డను అదిమి పట్టడానికి ఎడమ చెయ్యి సరిపోయింది. ఆ నాలుగేళ్లూ ఆయన కిటికీ పక్కన ఊరికే కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన లేడు. అమ్మ రహీమాబీ ఆ కుట్టు మిషను మీద టీవీ పెట్టుకుంది.

గురువారం బస్సు దిగి ఆటో ఎక్కి, ఆలియా బడికి చేరేసరికి తొమ్మిదింపావు. రేకుల వంట షెడ్డులో పొయ్యి మండుతోంది. దాని మీద పెద్ద అల్యూమినియం గంజు, నిండా ఎసరు. తొట్టి నిండా నీళ్లు, మూలకు కొట్టిన కట్టెలు, పళ్లెంలో కడిగిన బియ్యం. గంగాబాయి పీట మీద కూర్చుని టమాటలు తరుగుతోంది. కత్తి కుడిచేతిలోనే ఉంది, బాగానే ఆడుతోంది.

ఆలియా సంచిలోంచి కొక్కెం త్రాసు, టేపు తీసింది. కడవ బరువు తూచింది. పొయ్యి ఎత్తు కొలిచింది. ఎనభై నాలుగు మంది పిల్లలకు రోజూ తొమ్మిది కిలోల బియ్యం. బోరు నుంచి షెడ్డుకు ముప్పై రెండడుగులు. తొట్టి నిండాలంటే ఇరవై కడవలు పడతాయి.

“నీళ్లన్నీ నువ్వే మోసినవా అక్కా?”

“నేనే.”

“ఇరవై కడవలు? తొమ్మిది గాకముందే?”

“అలవాటే గద.”

భద్రమ్మ పొయ్యిలోకి కట్టె నెడుతూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గంగాబాయికి ఆమె వదిన వరస. ఇద్దరూ లంబాడీలో రెండు మాటలు గబగబా అనుకున్నారు. ఆలియాకు అర్థం కాలేదు గానీ, అది తిట్టని తెలిసింది.

“నన్నెందుకు తిడ్తవే?” అంది భద్రమ్మ తెలుగులోకి దిగి. “నేనేమన్న జెప్పిన్నా? నీళ్లు దేవుడు మోసిండు మేడం. కట్టెలు గూడ దేవుడే కొట్టిండు. ఆ దేవునికి బీడీ లేకపోతె దమ్మాడదు, గందుకే షెడ్డెనుక కూసున్నడు.”

షెడ్డు వెనక దగ్గు వినిపించింది.

ఆలియా వెళ్లి చూసింది. గోడ నీడలో ఒక మనిషి గొడ్డలి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది. గంగాబాయి భర్త టీక్యా. ఆలియాను చూసి లేచి నిలబడి, బీడీ ఆర్పి, నమస్తే పెట్టాడు.

“నేను ఊకెనే వచ్చిన మేడం. గిటు పని మీద.”

“ఏం పని?”

టీక్యా కాసేపు ఆలోచించాడు. “యాదికొస్తలేదు,” అన్నాడు.

ఇంతలో హెడ్మాస్టరు యుగేందర్ వచ్చాడు. విషయం తెలిసి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. “చూసిన్రా మేడం? గిందుకే నేను కాగితం అడిగింది. పదమూడేండ్ల సంది జేస్తుంది, నాకేం పగ లేదు. కని సలసల కాగే గంజి. పక్కపొంటి పిల్లలు ఉరుకుతుంటరు. చెయ్యి జారి ఒక్క పోరని మీద పడ్డా నేనెవ్వరికి జవాబు చెప్పాలె?”

గంగాబాయి కత్తి కింద పెట్టింది. “నా చేతిల పదమూడేండ్లల్ల ఎవ్వలికన్న సుర్రుమన్నదా సార్?”

“అప్పుడు చెయ్యి మంచిగుండె కదమ్మా.”

ఆలియా మధ్యలోకి వచ్చింది. “టీక్యన్న చేసింది లెక్కలకు రాదు. మళ్లా మొదటి నుంచి చూద్దాం. వేడిది వద్దు. చన్నీళ్లతోని.”

అంతే పెద్ద ఇంకో గంజు తెప్పించింది. ఉడికిన అన్నం, గంజి కలిసి ఎంత బరువుంటుందో లెక్కగట్టి, అంత చన్నీళ్లు పోయించి, పక్కనే మంట లేని రెండో పొయ్యి మీదికి ఎక్కించింది. మొత్తం ముప్పై నాలుగు కిలోలు. యుగేందర్ తన గడియారం విప్పి చేతికిచ్చాడు గానీ, అక్కర్లేదంది. ఇది వేగానికి సంబంధించిన పరీక్ష కాదు.

దించడం దాకా బాగానే అయింది. చెరో పక్క మసిగుడ్డ పట్టి, గంగాబాయి, భద్రమ్మ గంజును నేల మీదికి దించారు. బరువంతా గంగాబాయి ఎడమచేతి మీద, తొడ మీద పడింది. అది తప్పు పద్ధతేం కాదు, రైతు మూట దించినట్టే. అసలు పని ఆ తర్వాతది, గంజి వార్చడం. మూత అడ్డం పెట్టి, అంచు పట్టి, గంజును నెమ్మదిగా వంచాలి. వంచేటప్పుడు కుడి అరచెయ్యి పైకి తిరగాలి.

సగం వంగింది. గంగాబాయి ఒళ్లు దాని వెంట పోయింది. మూత పక్కకు జరిగింది. చన్నీళ్లు ఒక్కసారిగా దొర్లి ఆమె పాదాల మీదా, భద్రమ్మ చీర కుచ్చెళ్ల మీదా పడ్డాయి.

“అమ్మో!” అని భద్రమ్మ వెనక్కి గంతేసింది. తర్వాత అవి చన్నీళ్లేనని గుర్తొచ్చి ఊరుకుంది.

గంగాబాయి తడిసిన పాదాల వంక చూసుకుంది. “రేపు ఇంకింత మంచిగైతది,” అంది నెమ్మదిగా.

“అయితది. కని రేపు గాదక్కా. రెండు మూడు నెలలు పడ్తది.”

“అన్ని నెలలు ఇంట్ల కూసుంటె నన్నెవలు పిలుస్తరు మల్ల?”

ఆలియా కాగితం తీసింది. ఇప్పటిదాకా చూసింది ఒక పక్క రాసింది. తరగడం, అవును. కడగడం, అవును. పప్పు తిప్పడం, అవును. ఎడమచేత్తో వడ్డించడం, అవును. నీళ్లు, సగం కడవ చొప్పున అయితే అవును. గంజి వార్చడం, కాదు. ఒక్కటే కాదు. ఆ ఒక్కదాని కింద ఆమె రెండుసార్లు గీత గీసింది.

“సార్, అన్నమంత ఒక్కటే గంజుల ఎందుకు? రెండు చిన్నయి లేవా?”

యుగేందర్ తల గోక్కున్నాడు. స్టోర్ రూములో వాలీబాల్ నెట్ కింద రెండు ఉన్నాయి. పంద్రాగస్టు నాడు లడ్డూలు కట్టడానికి ఎవరో ఇచ్చారు. తెప్పించి తూస్తే, సగం సగం అన్నం లెక్కన ఒక్కోటి పదిహేడు కిలోలు. ఇద్దరు పడితే మనిషికి ఎనిమిదిన్నర. చన్నీళ్లు పోసి మళ్లీ వంచారు. ఈసారి భద్రమ్మ అంచు పట్టింది, గంగాబాయి ఎడమచేత్తో మూత అదిమింది. నీళ్లు సన్నటి ధారగా కిందికి దిగాయి. ఇంకో రెండుసార్లు చేయించింది. మూడుసార్లూ అంతే.

భద్రమ్మ మాత్రం నడుము పట్టుకుని నిలబడింది. “అందరు మంచిగనే ఉన్నరు. రెండు గంజులంటె రెండు పొయ్యిలు, రెండు మంటలు. వంచుడంత నా మీదనే. నా నడుముకు మీటరు లేదా మేడం?”

“నీకేం గావాలె చెప్పు వదినె,” అంది గంగాబాయి.

“అంట్లన్ని నువ్వు తోముతవా?”

“తోముత.”

“పెద్ద గంజు గూడ?”

“గది ఇగ పొయ్యి మీదికే రాదు గద!”

టీక్యా గోడ వెనక నుంచి నవ్వాడు. ఆలియా గంగాబాయి చేత పీచుతో రెండు గంజులు తోమించింది. పన్నెండు నిమిషాల తర్వాత మణికట్టు చూసింది. కొంచెం వాచింది. తోమడం ఒకే దమ్ములో వద్దని, పది నిమిషాలకోసారి ఆపాలని, అది కూడా రాసింది.

“కల్యాణి ఊకుంటదా?” అని మెల్లగా అడిగింది భద్రమ్మను.

“మిరపకాయ తెంపుడు మొదలైంది మేడం. దాని దోస్తులందరు చేన్లనే ఉన్నరు. గీడ పొగల ఉండుమంటె దాని మూతి జూడాలె. కని గంగకు చేతగాకపోతె ఉంటది. నేను ఉండమంటె కాదనదు.”

ఆలియా రాసిచ్చిన కాగితంలో రెండు గళ్లూ ఖాళీగా ఉన్నాయి. కింద పదకొండు వరుసలు ఉన్నాయి. యుగేందర్ నిలబడే చదివాడు.

“అవునా కాదా అని అడిగిన. మీరు దరఖాస్తంత రాసిన్రు.”

“అవునే సార్. కని గిట్లయితేనే.”

“టైము సంగతేంది? రెండు పొయ్యిల మీద ఎంతసేపు పడ్తది? పన్నెండున్నర గంటకు పిల్లలు పళ్లాలు పట్టుకొని నిలబడ్తరు. చిన్నోళ్లు ఆగరు.”

అది ఆలియా దగ్గర లేని అంకె. అదే చెప్పింది. యుగేందర్ బడి కమిటీలో ఇద్దరికి ఫోను చేసి, ఒక వారం చూద్దామన్నాడు. వచ్చే వారం శుక్రవారానికి పన్నెండు నలభై ఐదులోపు వడ్డించగలిగితే గంగాబాయే ఉంటుంది. లేకపోతే బడి సెలవులిచ్చేదాకా కల్యాణి. గంగాబాయి సరేనంది. ఆమెను అడిగినవాళ్లెవరూ లేరు గానీ, సరేనంది.

ఆ తర్వాతి వారం ఆలియా దవాఖాన పనిలో పడిపోయింది. మోకాళ్లు, మెడలు, ట్రాక్టరు కింద పడ్డ ఒక కాలు. సోమవారం మధ్యాహ్నం ఫోను మోగింది. యుగేందర్ నుంచి మెసేజు, ఇంకే మాటా లేదు: 1.05. మంగళవారం: 12.50. బుధవారం 1.10, పక్కనే ‘గుడ్ల రోజు’ అని రాశాడు. గుడ్లు ఉడకబెట్టడానికి ఒక పొయ్యి పోయిందన్నమాట. ఆలియా ఫోను చేసి, గుడ్లు పొద్దున్నే వేరేగా ఉడికించి పెట్టుకోమని చెప్పిద్దామనుకుంది. మళ్లీ మానుకుంది. పదమూడేళ్లు వండిన మనిషికి చెప్పేదేముంది.

గురువారం మెసేజు రాలేదు. మూడింటికి తనే ఫోను చేసింది. యుగేందర్ ఎత్తలేదు. ఆ సాయంత్రం ఆమె గంగాబాయి ఫైలు తీసి ఒకసారి చూసి, మళ్లీ లోపల పెట్టేసింది.

శుక్రవారం మళ్లీ గుడ్ల రోజు. ఒకటిన్నరకు మెసేజు వచ్చింది. నిన్న మండలంలో మీటింగు ఉండి పోయానని, బడిలో టైము ఎవరూ చూడలేదని రాశాడు. దాని కింద ఇంకో వరుస.

12.43.