గేరు పెట్టె మూతకు నాలుగు బోల్టులు

నా చిన్నప్పుడు మా ఊళ్లో నోరు మూసుకోవడం చేతకాని మనిషి ఎవరంటే అందరూ నన్నే చూపించేవారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఏదో ఒకటి వాగుతూనే ఉండేదాన్ని. ఎవరింట్లో ఏ కూర వండారో, ఎవరి బర్రె ఎవరి చేలో పడిందో అడగకపోయినా చెప్పేదాన్ని. అప్పుడు నాకు ఎనిమిదేళ్లుంటాయేమో.

మా ఊరు జనగామకు పది మైళ్లు. మా తాత కమ్మరి. ఎడ్లకు నాడాలు కొట్టేటప్పుడు మేకులు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొట్టడం మా వాళ్ల పద్ధతి. పళ్లు ఊడిపోయాక మా తాత ఆ కొలువు నాకిచ్చాడు. మేకులు నా నోట్లో ఉండేవి, ఆయన చెయ్యి చాపినప్పుడు ఒకటి తీసి ఇవ్వాలి. ఇల్లు కాసేపు ప్రశాంతంగా ఉండేది అప్పుడేనని, ఊళ్లో ఇంకో పది జతల ఎడ్లుంటే బాగుండునని మా అవ్వ అంటుండేది.

అవి సాయుధ పోరాటం రోజులు. మా ఊరి దొరకు నల్లటి మోటారు కారు ఉండేది. అది వస్తుంటే మగవాళ్లు భుజం మీది తువ్వాల తీసి, తల దించుకుని పక్కకు జరగాలి. వాగు దగ్గర అది ఇసుకలో దిగబడితే ఇంటికొకరు వెట్టికి పోయి నెట్టాలి. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు చుట్టుపక్కల తిరుగుతున్నారని తెలిసిన దగ్గర్నుంచి దొరకు నిద్ర లేదు. పట్నం పోయి ఉంటానని సామాను కట్టించాడు.

దొర ఉండే కోటలాంటి గడిలో బండ్లన్నిటికీ కందెన పెట్టడం మా నాయిన వంతు వెట్టి. కందెన అంటే ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపిన ముద్ద, బండి ఇరుసుకు రాస్తారు. ప్రయాణానికి ముందురోజు గుమాస్తా మోటారుకు కూడా పెట్టమని పురమాయించాడు. పట్నం నుంచి వచ్చిన డ్రైవరు ఆ సమయానికి ఎక్కడో చెట్టు కింద నిద్రపోతున్నాడు. మా నాయిన కారు కింద దూరి చూశాడు, ఇరుసు అంతు పట్టలేదు. లోపల కాళ్ల కింది పట్టా ఎత్తితే నాలుగు బోల్టులతో బిగించిన ఇనుప మూత కనిపించింది. మూత తీస్తే లోపల చక్రాలు. ఇరుసు ఇక్కడ దాచారన్నమాట అనుకుని, పెద్దింటి బండి కదా అని ఉదారంగా రెండు చట్ల కందెన దట్టించి మూత బిగించాడు. గడ్డి సరిగా కాలలేదన్న సంగతి ఆయన చూసుకోలేదు.

మర్నాడు పొద్దున దొర, దొరసాని పెట్టెలతో సహా కారెక్కారు. కారు బయలుదేరింది, కానీ వెనక్కి. డ్రైవరు గేరు కర్ర ఎంత లాగినా అది వెనకడుగే వేస్తోంది. ఎప్పుడూ మాకు దొర వీపు, ఆ వెనక దుమ్ము మాత్రమే మిగిలేవి. ఆ రోజు మాత్రం ఆయన మమ్మల్నే చూస్తూ, మీసాలతో సహా దూరమైపోతున్నాడు. మగవాళ్లు తువ్వాలలు నోట్లో కుక్కుకున్నారు. నేను మాత్రం పగలబడి నవ్వాను. మా అవ్వ వీపు మీద ఒక్కటిచ్చింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కందెన పెట్టిందెవరో తేలింది. ఇది సంఘం వాళ్లు నేర్పిన పనేనని దొర తేల్చేశాడు. మా నాయినను గడిలో వడ్ల కొట్టులో వేసి తాళం పెట్టారు. సాయంత్రం పోలీసులు వస్తారని, వాళ్లకు అప్పగిస్తారని చెప్పారు. అట్లా అప్పగించిన పక్క ఊరి మనిషి మళ్లీ తిరిగి రాలేదు. మా అమ్మ పొయ్యి మీది కుండ దించేసింది.

కారు బాగుచేయమని మా తాతకు కబురొచ్చింది. నేనూ వెంట పోయాను. మూత తీసి చూస్తే, సగం కాలిన గడ్డి పోచలు ముద్దకట్టి చక్రాల పళ్ల మధ్య ఇరుక్కుని ఉన్నాయి. తాత దాన్ని వేళ్లతో పీకి, గుడ్డతో తుడిచి, మంచి ఆముదం పోశాడు. డ్రైవరు గేరు వేసి చూస్తే చక్కగా పడింది. అంతా పావు గంట పని. డ్రైవరు ఈ మాట చెప్పడానికి దొర దగ్గరికి పరుగెత్తాడు. అప్పుడు మా తాత అటూ ఇటూ చూసి, ఆ నాలుగు బోల్టులూ నా నోట్లో వేశాడు.

"మీ నాయిన ఇంటికొచ్చేదాక నోరు తెరువకు బిడ్డా," అన్నాడు చెవిలో.

దొర వచ్చేసరికి తాత నేల మీద వంగి వెతుకుతున్నాడు. బోల్టులు ఎక్కడో పడిపోయాయన్నాడు. గడి మనుషులు దుమ్మంతా చేటలతో చెరిగారు. తాత బొడ్లో సంచీ దులిపారు. దొర నా వైపు తిరిగి, "నువ్వు జూసినవా పోరీ?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆముదం, మసి, ఇనుము కలిసిన రుచికి కళ్లల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి. తనను చూసి జడుసుకున్నానని దొర సంతోషించినట్టున్నాడు, మళ్లీ అడగలేదు.

మూత బిగించకుండా పోతే నూనె ఎగిరి దొరసాని చీర మీద పడుతుందని తాత వివరించాడు. ఎవరో ఒకరు కింద కూర్చుని మూతను కాలితో అదిమి పట్టుకోవాలి. గడి మనుషులు లోపల తిరుగుతున్న పళ్లను తొంగి చూసి వెనక్కి తగ్గారు. ఒకడికి నడుము నొప్పి, ఇంకొకడికి కాలికి ముల్లు. పట్నం పోయే రైలు రావడానికి టైం అవుతోంది, జనగామ స్టేషను పది మైళ్లు. దొర కేకలేస్తుంటే తాత చేతులు కట్టుకుని, చాలా వినయంగా అన్నాడు:

"ఎవడు ఖరాబు జేసిండో వాడే తొక్కి పట్టాలె గద దొరా. కాలు పోతే వానిదే పోతది."

దొరకు ఆ న్యాయం నచ్చింది. వడ్ల కొట్టు తాళం తీయించి మా నాయినను తెప్పించాడు. కారు నిండా మనుషులు, పెట్టెలు, కావలివాడికి చోటు లేదు. మా నాయిన డ్రైవరు పక్కన కింద చతికిలబడి, మూత మీద కాలు పెట్టాడు. కారు ముందుకే కదిలింది. పోలీసులకు అప్పగించాల్సిన మనిషిని దొర తన కారులో తానే ఊరు దాటించాడు.

స్టేషనులో రైలు కూత వేస్తుంటే దొర, దొరసాని పెట్టెల కోసం కంగారు పడ్డారట. మా నాయిన మూత మీంచి కాలు తీసి, కారు దిగి, పత్తి బస్తాల మధ్య నుంచి మెల్లగా నడిచి వెళ్లిపోయాడు.

మా అవ్వ బతిమాలి నా నోట్లోంచి బోల్టులు తీయించింది. కానీ నేను మాట్లాడలేదు. పిల్లకు గాలి సోకిందేమోనని పక్కింటి అక్క వేపమండలతో దిగదుడిచింది. మర్నాడు మధ్యాహ్నం మా నాయిన పెరటి దారిన వచ్చాడు. మూత వేడికి అరికాలు బొబ్బలెక్కి కుంటుతున్నాడు. "ఇగ మాట్లాడు బిడ్డా," అన్నాడు నవ్వుతూ. చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ రాలేదు, ఏడుపే వచ్చింది.

ఆయన తిన్నాడు, కాలికి గుడ్డ కట్టించుకున్నాడు, వెళ్లిపోయాడు. చేయని పనికి సంఘంలో కలిపేశారు కాబట్టి నిజంగానే కలిశాడు. రెండేళ్లు ఇంటి ముఖం సరిగా చూడలేదు. అప్పుడప్పుడు ఏ జొన్న చేలోనో నన్ను కలిసి, తల నిమిరి పోయేవాడు.

ఒకరోజు పోలీసులు వచ్చి మా ఇంట్లో అందర్నీ నిలబెట్టి, చివరికి నా దగ్గరికి వచ్చారు. బెల్లం ముక్క చేతిలో పెట్టి, మీ నాయిన ఎక్కడికొస్తాడో చెప్పమన్నారు. అంతకు ముందురోజే ఆయనను చూశాను. తల అడ్డంగా ఊపాను. ఆ రోజు నా నోట్లో ఒక్క బోల్టు కూడా లేదు.

మా నాయిన బతికి తిరిగొచ్చాడు. నేను ఇప్పటికీ వాగుడుకాయనే, మనవళ్లు నన్ను చూస్తే పారిపోతారు. అయినా ఈ ఎనభై ఏళ్లలో నా మాట వల్ల ఒక్క మనిషి పట్టుబడలేదు. నాకు గర్వమంటూ ఉంటే అదొక్కటే.